విశ్వాసం చాలదన్నవారికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా అబ్బాయికి మూర్ఛ తగ్గాలని ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థనకు వెళ్తున్నాను. ఫిబ్రవరిలో గుణదల మేరీమాత తిరునాళ్లకూ వెళ్లి మొక్కుకున్నాను. అయినా మొన్న బడిలో మళ్లీ పడిపోయాడు. నాకు విశ్వాసం చాలదంటున్నారు. ప్రార్థించడానికి నోరు రావడం లేదు.
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ మాట అన్నవారిని పక్కన పెట్టండి. (ఉచిత సలహాలకు మన సంఘాల్లో ఎన్నడూ కొదవ లేదు.) అపొస్తలుడైన పౌలుకు విశ్వాసం తక్కువా? ‘శరీరంలో ముల్లు’ అని తాను చెప్పుకున్న బాధను తీసేయమని దేవుణ్ని మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న జవాబు వచ్చింది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో యేసు తొలగించమన్న శ్రమల గిన్నె కూడా తొలగలేదు.

నోరు రాకపోతే 88వ కీర్తన చదవండి. ఏడుపుతో మొదలైన కీర్తనలు చాలావరకు స్తుతిలోకి తిరుగుతాయి. ఇది మాత్రం చీకటి దగ్గరే ఆగిపోతుంది. దాన్నీ బైబిల్లో ఉంచారు కదా, మీ కోపాన్నీ అలాగే దేవుడి ముందు పెట్టండి.

వార్డుల్లో నర్సుగా తిరిగినదాన్ని, ఇంకో మాట చెబుతాను. డాక్టరు చెప్పకుండా మాత్రలు ఒక్క పూట కూడా మానకండి, హఠాత్తుగా ఆపితే మూర్ఛ ఎక్కువవుతుంది. ఆపి చూడమనే ప్రార్థనాపరులను గుమ్మంలోనే ఆపండి. మూర్ఛ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టమని, నోట్లో చెంచా పెట్టవద్దని, చేతిలో తాళాలు ఇరికించవద్దని బడిలో టీచరుకు చెప్పండి. ఐదు నిమిషాలు దాటితే ఆసుపత్రికే.

ఈ శుక్రవారం మాత్రం ఉపవాసం మానేసి, వాడి పక్కన కూర్చుని భోజనం చేయండి.