ఫోన్ ఎత్తకపోతే గుండె దడ... ధ్యానం చేస్తే ఇంకా ఎక్కువ!

ప్రశ్న: నా వయసు 36. హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారిది మార్కెటింగ్ ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు కారులో ఊళ్లు తిరుగుతారు. ఏడాదిగా ఆయన ఒక్కసారి ఫోన్ ఎత్తకపోతే చాలు, గుండె దడదడలాడుతుంది, చేతులు తిమ్మిరెక్కుతాయి. ఎత్తేదాకా చేస్తూనే ఉంటాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. ఈసీజీ, టూడీ ఎకో తీయిస్తే గుండె బాగానే ఉందన్నారు. వీడియోలు చూసి రోజూ 20 నిమిషాలు కళ్లు మూసుకుని ధ్యానం చేస్తుంటే గుండె చప్పుడే వినిపించి ఇంకా భయమేస్తోంది. మా అత్తగారేమో ‘అన్నీ నువ్వు తెచ్చిపెట్టుకున్నవే’ అంటారు. మనసును ఖాళీగా ఉంచడం కూడా నాకు చేతకావట్లేదు. ఏం చెయ్యను?

జవాబు: ధ్యానం మీకు చేతకాకపోవడం కాదమ్మా, మీకు సరిపడని పద్ధతి మీ చేతికొచ్చింది. గుండె చప్పుడంటేనే బెదిరిపోతున్న మనిషిని కళ్లు మూసుకుని, కదలకుండా, 20 నిమిషాలు ఒంటి మీదే దృష్టి పెట్టమంటే ఏం వినిపిస్తుంది? గుండె చప్పుడే. ఆందోళన ఉన్నవాళ్లలో కొందరికి ఇలా అవుతుంది, వింతేమీ కాదు. ‘మనసు ఖాళీ చేసుకోండి’ అన్న మాట దానికి తోడైతే ఇంకా చేటు. ఇప్పుడు మైండ్‌ఫుల్‌నెస్ ధ్యానం అంటున్నది బౌద్ధులు పాళీలో ‘సతి’ అన్నదే, అంటే ఎరుక. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ దీన్ని మతంతో ముడిపెట్టకుండా రోగులకు నేర్పడం మొదలుపెట్టారు. ఇప్పుడది 8 వారాల శిక్షణగా చాలాచోట్ల నడుస్తోంది. అందులో ఆలోచనలు ఆపేయమని ఎవరూ చెప్పరు. మనసు పక్కకు పోయిందని గమనించి వెనక్కి తెచ్చుకోవడమే సాధన. ఐదు నిమిషాల్లో 40 సార్లు పోయి 40 సార్లు తిరిగొస్తే, 40 సార్లు సాధన చేసినట్టే లెక్క.

కాబట్టి ఆ 20 నిమిషాలు మానేయండి. కళ్లు తెరిచే, చేతిలో పని ఉండగానే మొదలుపెట్టండి. పోపు పెట్టే రెండు నిమిషాలు చాలు. ఫోన్ పక్క గదిలో ఉంచండి. నూనె కాగుతూ అడుగున సన్నగా అలలు కట్టడం చూడండి. ఆవాలు వేశాక మొదటి గింజ చిట్లేదాకా చెవి అక్కడే పెట్టండి. మినప్పప్పు తెలుపు తిరిగి ఎరుపెక్కే చోటు, ఎండుమిర్చి ఘాటు గొంతులో తగలడం, కరివేపాకు వేయగానే చుర్రుమనడం. మధ్యలో మనసు హైవే ఎక్కుతుంది. ‘ఎక్కింది’ అనుకుని, తిట్టుకోకుండా మినప్పప్పు దగ్గరికి తీసుకురండి. ఆలస్యమైతే పప్పు మాడి అదే చెప్తుంది. ఇలాంటివి రోజుకు రెండు మూడు పనులు ఎంచుకోండి: స్నానం, గిన్నెలు కడగడం, స్కూల్ మెట్లెక్కడం. మనసు నెమ్మదిగా ఉన్నప్పుడే చేయాలి. చాలామంది దడ మొదలయ్యాకే దీన్ని బయటికి తీసి, పనిచేయలేదని వదిలేస్తారు. ఈత నేర్చుకోవాల్సింది వరదలో కాదు కదా.

ఇక తిమ్మిరి సంగతి. భయపడినప్పుడు మీకు తెలియకుండానే ఊపిరి వేగంగా, ఎక్కువగా పీలుస్తారు. రక్తంలో బొగ్గుపులుసు వాయువు అవసరం కన్నా తగ్గిపోతుంది. చేతులు, పెదాల చుట్టూ తిమ్మిరి, తల తేలిపోవడం దానివల్లే. అప్పుడు పక్కనున్నవాళ్లు ‘గట్టిగా గాలి పీల్చు’ అంటారు. చేయకూడనిది సరిగ్గా అదే. ముక్కుతో మామూలుగా 4 అంకెలు లెక్కపెడుతూ పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ మెల్లగా వదలండి. మూడు నుంచి ఐదు నిమిషాలు. వదలడం మీదే శ్రద్ధ పెట్టాలి. తల తిరుగుతోందంటే మీరింకా ఎక్కువ పీలుస్తున్నారని అర్థం, కొంచెం తగ్గించండి. కాగితం సంచిలో ఊపిరి తీయమని ఎవరైనా చెబితే వద్దనండి. ఊపిరి లెక్కపెడితేనే కంగారు పెరిగేవాళ్లూ ఉంటారు. మీకు అలాగైతే పాదాలు నేలకు ఆనించి, ఆ చల్లదనం మీద ధ్యాస ఉంచండి.

అయితే ఇవన్నీ ఒక ఎత్తు, ఆ ఫోన్ కాల్స్ ఒక ఎత్తు. మీ భయానికి మేత అక్కడే దొరుకుతోంది. ఆయన ఎత్తగానే ప్రాణం లేచొస్తుంది. దాంతో ‘నేను చేయబట్టే ఆయన క్షేమం తెలిసింది’ అని మెదడు నేర్చుకుంటుంది, మర్నాడు ఇంకా తొందరగా చేయమంటుంది. పైగా కారు నడుపుతున్న మనిషి మీ పదో కాల్‌కి ఫోన్ వైపు చూడటమే అసలు ప్రమాదం. ఈ మాట మీవారితో కూర్చుని మాట్లాడండి. బయల్దేరేటప్పుడు ఒక మెసేజ్, చేరాక ఒక మెసేజ్, అదీ బండి ఆపాకే. మధ్యలో మీరు ఒక్కసారి చేసి ఆయన ఎత్తకపోతే, మొదటి వారం 10 నిమిషాలు ఆగండి. రెండో వారం 20, తర్వాత 40, ఆపైన చేరాక వచ్చే మెసేజ్ దాకా. ఆ ఆగే సమయంలో దడ వస్తుంది, రావాలి కూడా. ‘ఇది భయం, కబురు కాదు’ అని పైకే అనండి. ఈ సమయంలో మాత్రం ఊపిరి లెక్కతో కూడా దడను తగ్గించే ప్రయత్నం చేయకండి. అది ఎంత పైకి లేచినా కాసేపటికి దానంతట అదే దిగుతుంది. ఫోన్ చేయకుండానే దిగిందని మెదడు కళ్లారా చూడటం కోసమే ఇదంతా.

ఇక్కడ చాలామంది తెలియకుండా దొంగదారి పడతారు. కాల్ మానేసి వాట్సాప్‌లో ఆయన ఎప్పుడు ఆన్‌లైన్‌లో ఉన్నారో చూడటం, లొకేషన్ పెట్టించుకోవడం, ప్రమాదాల వార్తలు వెతకడం, ఆయన సహోద్యోగికి ఫోన్ చేయడం. పేరే మారింది, పని అదే. ఒక నోటుబుక్‌లో గీత కొట్టి, ఎడమవైపు ‘ఏం జరిగి ఉంటుందనుకున్నాను’, కుడివైపు ‘ఏం జరిగింది’ రాస్తూ పోండి. కుడివైపు ‘మీటింగ్‌లో ఉన్నారు’, ‘చార్జింగ్ అయిపోయింది’ లాంటివే నిండుతాయి.

మూడింటి మెలకువకు: టైమ్ చూడకండి, ఫోన్ తీయకండి. సుమారు 20 నిమిషాలైనా నిద్ర రాలేదనిపిస్తే లేచి, మసక వెలుతురులో కూర్చుని చప్పటి పుస్తకం ఏదైనా చదవండి. పరీక్ష పేపర్లు దిద్దొద్దు. కళ్లు మూతపడుతుంటేనే మంచమెక్కండి. ఎంత నిద్రపోయినా పొద్దున లేచే వేళ మాత్రం మార్చకండి. మధ్యాహ్నం నిద్రతో భర్తీ చేస్తే ఆ రాత్రి మళ్లీ అదే కథ. చింతలన్నిటికీ సాయంత్రం 15 నిమిషాలు కేటాయించి కాగితం మీద పెట్టండి. రాత్రి వస్తే ‘రేపు సాయంత్రం చూద్దాం’ అని వాయిదా వేయండి.

కాఫీ, టీలు రోజుకు ఎన్ని తాగుతున్నారో మీరు రాయలేదు. స్టాఫ్ రూమ్ టీ కూడా కలిపి లెక్కపెట్టండి. కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, కాబట్టి మధ్యాహ్నం 2 తర్వాత వద్దు. ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకుంటుంది, మూడు రోజులకో కప్పు చొప్పున తగ్గించండి. పొద్దున బస్సు హడావుడిలో టిఫిన్ మానేస్తే పదింటికి వచ్చే వణుకు అచ్చం భయంలాగే ఉంటుంది. రెండు ఇడ్లీలైనా తినే గడప దాటండి. రోజూ అరగంట వేగంగా నడవండి. నడిచాక గుండె దడదడలాడితే ఒక్క నిమిషం ఆగి గమనించండి: అదే దడ, ఇప్పుడు మాత్రం భయం లేదు.

గుండె పరీక్షలు అయ్యాయి గానీ థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, రక్తహీనతకు హిమోగ్లోబిన్ చూశారో లేదో రాయలేదు. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత రెండూ దడ తెప్పిస్తాయి, ఈ వయసు ఆడవాళ్లలో తరచూ కనిపిస్తాయి. ఆ పరీక్షలు చేయించండి. ఇకమీదట నడుస్తుంటే ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ‘టెన్షనే’ అనుకోకుండా ఆస్పత్రికి వెళ్లండి.

ఏడాదిగా ఉంది కాబట్టి ఇంట్లో సాధనతోనే సరిపెట్టుకోమని చెప్పను. సైకియాట్రిస్టునో, క్లినికల్ సైకాలజిస్టునో ఒకసారి కలవండి. పైన చెప్పిన ‘ఆగడం’ కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో, అంటే ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్సలో, దగ్గరుండి చేయిస్తారు. మందులు రాస్తే, ఆందోళనకు ఎక్కువగా వాడేవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగు రోజులకే ఆపేయకండి. పక్కింటివాళ్లు ఇచ్చే ఆల్ప్రాజోలం అనే మత్తు మాత్రలు మాత్రం ముట్టుకోవద్దు. హాయిగా నిద్ర పట్టిస్తాయి, అంతే సులువుగా అలవాటైపోతాయి. మాట్లాడే మనిషి కావాలనిపించినా, బతకాలని లేదన్న ఆలోచన వచ్చినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేయండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అత్తగారితో వాదన పెట్టుకోకండి. ‘తెచ్చిపెట్టుకున్నదైతే వదిలేసుకునేదాన్ని కదా అత్తయ్యా’ అని నవ్వేసి, సాయంత్రం నడకకు ఆవిడనూ తీసుకెళ్లండి. ఫోన్ మీ ఇద్దరిలో ఎవరి చేతిలోనూ వద్దు.