పిల్లలకు కోవిడ్: ముందు ఊపిరి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తెనాలి. మా పాపకి మూడేళ్లు, బరువు 12 కిలోలు. మా అత్తయ్యగారికి కోవిడ్ వచ్చింది, ఆ వెంటనే పాపకీ జ్వరం, ముక్కు కారడం మొదలయ్యాయి. టెస్ట్ చేయిస్తే పాజిటివ్. జ్వరం 102 దాకా వెళ్తోంది. మా బావగారు 2021లో తనకి రాసిన మందుల చీటీ వాట్సాప్‌లో పంపి, అవే మందులు డోసు తగ్గించి వేయమంటున్నారు. అందులో అజిత్రోమైసిన్, ఐవర్‌మెక్టిన్, ఒక స్టెరాయిడ్ ఉన్నాయి. ఛాతీకి సీటీ స్కాన్ కూడా తీయించమంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ చీటీలోవి ఏవీ పాపకి వేయకండమ్మా. అజిత్రోమైసిన్ బ్యాక్టీరియా మీద పనిచేసే మందు, వైరస్‌ని అది ఏమీ చేయదు. ఐవర్‌మెక్టిన్ వల్ల కోవిడ్‌లో ఉపయోగం లేదని తేలిపోయింది. వీటన్నిటికంటే నాకు భయం స్టెరాయిడ్ గురించే. ఆక్సిజన్ పెట్టాల్సినంత జబ్బు చేసిన పిల్లలకి ఆసుపత్రిలో అది ప్రాణం నిలిపే మందు, కానీ మామూలు జ్వరం, జలుబుతో ఉన్న పిల్లకి మొదటి రోజుల్లోనే ఇస్తే వైరస్‌తో పోరాడాల్సిన ఒంటి శక్తినే అణిచేస్తుంది. కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ 2021 జూన్‌లోనే పిల్లల విషయంలో ఈ మాట గట్టిగా చెప్పింది: తేలికపాటి జబ్బుకి స్టెరాయిడ్ హానికరం, 18 ఏళ్లలోపు వాళ్లకి రెమ్డెసివిర్ అనే వైరస్ మందు సిఫారసు చేయడం లేదు, సీటీ స్కాన్ ఆచితూచి తీయాలి అని. స్కాన్ తీసినా మీ పాప వైద్యంలో మారేది ఏమీ ఉండదు, అనవసరంగా రేడియేషన్ తగులుతుంది.

పాపకి కావాల్సింది పారాసిటమాల్, నీళ్లు, మీ కళ్లు. పారాసిటమాల్ డోసు వయసుని బట్టి కాకుండా బరువుని బట్టి వేయాలి. కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, అంటే 12 కిలోల పాపకి ఒక్కో డోసు 120 నుంచి 180 మిల్లీగ్రాములు. తల్లులు ఎక్కువగా పొరబడేది సీసా దగ్గరే, ఎందుకంటే ఒకే పేరుతో రెండు మూడు రకాల బలాల్లో సిరప్‌లు అమ్ముతారు. సీసా మీద 5 మి.లీ.కి 120 మి.గ్రా. అని ఉంటే 5 నుంచి 7.5 మి.లీ. వేయాలి. 250 మి.గ్రా. అని ఉంటే రెండున్నర నుంచి మూడున్నర మి.లీ. చాలు. చంటిపిల్లల డ్రాప్స్‌లో చాలావాటిలో ఒక్క మి.లీ.లోనే 100 మి.గ్రా. ఉంటుంది, అది సిరప్ అనుకుని 5 మి.లీ. పోస్తే పాపకి ఇవ్వాల్సిన దానికి రెండున్నర రెట్లు పైనే లోపలికి వెళ్లిపోతుంది. వంటింటి స్పూనుతో కొలవకండి, సిరంజి వాడండి. డోసుకీ డోసుకీ మధ్య ఆరు గంటలు ఉంచండి, రోజుకి నాలుగు సార్లు దాటనివ్వకండి. ఆస్పిరిన్ మాత్రం డాక్టరు రాయకుండా ఎప్పుడూ వద్దు.

ఇక ఊపిరి. పాప నిద్రలో ఉన్నప్పుడు బట్ట పైకి తీసి, ఫోన్‌లో గడియారం పెట్టుకుని, నిండుగా ఒక నిమిషం పాటు పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో లెక్కపెట్టండి. జ్వరం మండిపోతున్నప్పుడు ఊపిరి ఎలాగూ వేగంగా ఉంటుంది, అందుకని జ్వరం తగ్గాక మళ్లీ చూడండి. ఏడాది నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నిమిషానికి 40, ఆపైన ఉంటే అది ఎక్కువే. రెండు నెలల లోపు పసికందుకి 60, ఏడాది లోపు వాళ్లకి 50, ఐదేళ్లు దాటితే 30 హద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, ముక్కుపుటాలు అదురుతున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా లెక్కతో పని లేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఏమీ తాగకపోవడం, ఎనిమిది గంటలుగా మూత్రం పోయకపోవడం, లేపినా మగతలోనే ఉండడం కూడా అంతే. జ్వరం మూడు రోజులు దాటినా చూపించాల్సిందే, మన దగ్గర డెంగీ కూడా ఇలాగే మొదలవుతుంది. ఆక్సీమీటర్ ఉంటే బొటనవేలికి పెట్టి, పాప కదలకుండా ఉన్నప్పుడే చూడండి. 94, ఆపైన ఉంటే సరే. ఇంకోసారి చూసినా అంతకు తక్కువే వస్తే ఇంట్లో ఉంచకండి.

అన్నం తినలేదని బలవంతం చేయొద్దు. గంజి, పలుచటి మజ్జిగ, జావ కొంచెం కొంచెంగా ఇస్తూ ఉండండి. విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపండి, సగం సగం కలిపితే ఉప్పు పాళ్లు తప్పుతాయి.

ఇంకొక మాట. మీ ఉత్తరం అంతా పాప గురించే ఉంది గానీ ఆ ఇంట్లో ఎక్కువ ముప్పు మీ అత్తయ్యగారికి. ఆవిడకి షుగర్, బీపీ ఉన్నాయేమో, డాక్టరుకి చూపించారో లేదో కనుక్కోండి.

ప్రశ్న: నాకు కోవిడ్ వచ్చింది. బాబుకి నాలుగు నెలలు. పాలు ఇవ్వొచ్చా? డబ్బాపాలు పట్టమంటున్నారు. (నిజామాబాద్)

జవాబు: మీ పాలే ఇవ్వండి. పాల ద్వారా ఈ వైరస్ సోకుతుందనడానికి ఆధారం లేదు, పైగా మీ ఒంట్లో తయారయ్యే రక్షణ పాలలో బాబుకి అందుతుంది. చేతులు సబ్బుతో కడుక్కుని, మాస్కు పెట్టుకుని పట్టండి. మాస్కు మీకే, బాబుకి పెట్టకూడదు.

ప్రశ్న: మా తమ్ముడి కొడుకుకి ఐదేళ్లు. కోవిడ్ తేలిగ్గా వచ్చి తగ్గిపోయింది. నెల తర్వాత గట్టి జ్వరం, కడుపునొప్పి, వాంతులు, ఒంటి మీద ఎర్రటి దద్దుర్లు, కళ్లు ఎర్రబడడం. టైఫాయిడ్ అనుకున్నాం, చివరికి ఎంఐఎస్-సి (కోవిడ్ తర్వాత పిల్లల్లో అవయవాలు వాచే జబ్బు) అని ఐసీయూలో పెట్టి ఇమ్యునోగ్లోబులిన్ (యాంటీబాడీల మందు) ఎక్కించారు. ఇప్పుడు ఇంటికి వచ్చాడు. మొదట్లోనే గట్టి మందులు వాడి ఉంటే ఇది వచ్చేది కాదా? గుండె స్కాన్ మళ్లీ ఎందుకు? (వరంగల్)

జవాబు: మీ తమ్ముడూ మరదలూ ఈ ప్రశ్నతో ఎంత నలిగిపోతున్నారో నాకు తెలుసు, అందుకే ముందుగా చెబుతున్నాను, ఇందులో వాళ్ల తప్పు లేదు. వైరస్ పోయాక రెండు నుంచి ఆరు వారాల్లో శరీర రక్షణ వ్యవస్థ అదుపు తప్పి సొంత అవయవాల మీదే విరుచుకుపడడం వల్ల ఇది వస్తుంది. కోవిడ్ తేలిగ్గా వచ్చిపోయిన పిల్లల్లోనూ వస్తుంది, ఎవరికి వస్తుందో ముందుగా చెప్పే పరీక్ష లేదు. ఒమిక్రాన్ వచ్చినప్పటి నుంచి బాగా అరుదైంది, అందుకే చాలామందికి ఇది తట్టదు. డెంగీ, టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ కూడా ఇలాగే కనబడతాయి కాబట్టి ఆ పరీక్షలు చేయడమూ సరైనదే, కానీ పిల్లాడికి ఈ మధ్య కోవిడ్ వచ్చిందన్న సంగతి డాక్టరుకి మొదటి మాటగా చెప్పాలి.

గుండెకి రక్తం తీసుకెళ్లే నాళాలు ఈ జబ్బులో ఉబ్బే అవకాశం ఉంది. అప్పుడు కనబడకపోయినా కొన్ని వారాల తర్వాత కనబడొచ్చు, అందుకే ఎకో, అంటే గుండె స్కాన్, మళ్లీ తీస్తారు. బాగున్నాడు కదా అని మానకండి. రక్తం గడ్డకట్టకుండా చిన్న డోసులో ఆస్పిరిన్ రాసి ఉంటారు, దాన్ని మీ అంతట మీరు ఆపొద్దు, కానీ ఈలోగా అమ్మవారు పోసినా, ఫ్లూ లాంటి జ్వరం వచ్చినా అదే రోజు డాక్టరుకి చెప్పండి, ఆస్పిరిన్ వేసుకునే పిల్లల్లో అప్పుడు లివర్, మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. గుండె డాక్టరు సరే అనేదాకా పరుగులు, ఆటల పోటీలు వద్దు. ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా) టీకా బాకీ ఉంటే ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించిన రోజు నుంచి 11 నెలలు ఆగాలి, లేకపోతే టీకా సరిగా పట్టదు. ఆ తేదీ టీకాల కార్డు మీద రాయించండి.

ప్రశ్న: నాలుగేళ్ల పాపకి జలుబు చేస్తే ఆవిరి పట్టొచ్చా? దగ్గు మందు ఏది మంచిది? (ఒంగోలు)

జవాబు: ఆవిరి వద్దు. మరిగే నీళ్ల గిన్నె ఒలికి కాలిపోయిన పిల్లల్ని చూశాను, జలుబు కంటే అది వంద రెట్లు పెద్ద బాధ. ముక్కులో సెలైన్ చుక్కలు వేయండి. ఈ వయసులో దగ్గు సిరప్‌లతో మేలు దాదాపు లేదు, మగత లాంటి ఇబ్బందులే ఎక్కువ. దగ్గుకి పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వండి. ఏడాది లోపు పిల్లలకి మాత్రం తేనె నాలిక్కి కూడా రాయకండి.