బ్యాంకు ఆఫర్‌లో నెలనెలా చేతికొచ్చేదెంత?

ప్రశ్న: పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తున్నాను. ఒక పెద్ద బ్యాంకు టెక్నాలజీ విభాగంలో నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు అయ్యాయి. హోదా వైస్ ప్రెసిడెంట్, ప్యాకేజీ ఇప్పటికంటే 30 శాతం ఎక్కువ అంటున్నారు. ఇంటి లోన్ ఇంకా పన్నెండేళ్లు ఉంది. రాజీనామా చేసేయనా?

జవాబు: ఇప్పుడే చేయకండి. ముందు ఆ 30 శాతాన్ని విడదీసి చూద్దాం.

పెద్ద బ్యాంకుల ప్యాకేజీలో మామూలుగా నెల జీతం, ఏడాదికోసారి వచ్చే నగదు బోనస్, విడతలుగా ఇచ్చే షేర్లు కలిసి ఉంటాయి. మీ లోన్ వాయిదా కట్టేది జీతంలోంచే. ఇప్పటి మీ ఆదాయం 100, అందులో జీతం 92 అనుకోండి. బ్యాంకు ఇస్తానన్న 130లో జీతం 95, బోనస్ 20, షేర్లు 15 అయితే ఇంటి ఖర్చుకు కొత్తగా కలిసేది 3 మాత్రమే. బోనస్‌కు గ్యారంటీ ఉండదు, బ్యాంకుకు లాభాలు తగ్గిన ఏడాది అదీ తగ్గుతుంది. షేర్లు మూడు నాలుగేళ్లలో కొంచెం కొంచెంగా వస్తాయి. మధ్యలో మానేస్తే రావాల్సినవి సాధారణంగా పోయినట్టే. అందుకే మూడు అంకెలూ విడివిడిగా రాసి ఇమ్మని హెచ్ఆర్‌ను అడగండి.

హోదా చూసి మురిసిపోకండి. బ్యాంకుల్లో వైస్ ప్రెసిడెంట్ అంటే మధ్యస్థాయి ఉద్యోగమే, ఒకే టీమ్‌లో నలుగురైదుగురు ఉంటారు.

పాత కంపెనీలో ఈ ఏడాది బోనస్ ఇంకా రాకపోతే, మానేస్తే ఎంత పోతుందో లెక్కేసి ఆ మొత్తాన్ని జాయినింగ్ బోనస్‌గా అడగండి. అడగాల్సింది సంతకానికి ముందే. ఏడాదిలోపు మానేస్తే దాన్ని తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చదవండి. బ్యాక్‌గ్రౌండ్ చెక్ పూర్తయ్యేదాకా రాజీనామా ఇవ్వొద్దు. చాలా బ్యాంకులు అప్పుల చరిత్ర కూడా చూస్తాయి కాబట్టి పాత క్రెడిట్ కార్డు బకాయి ఏదైనా ఉంటే ఈ వారమే కట్టేయండి.

పని గురించి కూడా ఒక మాట. చెల్లింపు మధ్యలో నెట్‌వర్క్ తెగి, మళ్లీ పంపితే ఖాతాలో డబ్బు రెండుసార్లు తగ్గకుండా ఎలా ఆపుతారని ఇంటర్వ్యూలో అడిగే ఉంటారు. ఉద్యోగంలోనూ అదే టెన్షన్. చిన్న మార్పుకైనా అనుమతులు కావాలి, రిలీజులు, అంటే కొత్త మార్పులను అమల్లోకి తేవడం, రాత్రిళ్లో వారాంతాల్లోనో పడతాయి. ఆన్‌కాల్ (వేళకాని వేళ సమస్య వచ్చినా ఫోన్ ఎత్తి చూడాల్సిన వంతు) ఎన్ని వారాలకోసారి వస్తుందో, దానికి విడిగా డబ్బు ఇస్తారో లేదో మేనేజర్‌నే అడగండి.

మీకు సొంతంగా షేర్లు కొనే అలవాటుంటే ఇది ముఖ్యం. చాలా బ్యాంకుల్లో మీ ట్రేడింగ్ ఖాతాలతో పాటు జీవిత భాగస్వామి ఖాతాలు కూడా చెప్పాలి. కొనాలన్నా అమ్మాలన్నా ముందు అనుమతి తీసుకోవాలి, కొన్నాక కొన్నాళ్లు అమ్మనివ్వరు. పిల్లల ఫీజుల డబ్బు షేర్లలో ఉంటే చేరకముందే బయటికి తీసి పెట్టుకోండి.

బ్యాంకు ఇచ్చే షేర్లు చేతికొచ్చిన వెంటనే, అనుమతి తీసుకుని అమ్మి, లోన్‌లో జమ చేయమనే చెబుతాను. 2008 సెప్టెంబర్ 15న అమెరికా పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసినప్పుడు, సొంత కంపెనీ షేర్లలోనే పొదుపంతా ఉంచుకున్న ఉద్యోగులకు జీతమూ దాచుకున్నదీ ఒకేసారి పోయాయి.

జీతం ఒక్కటే కనీసం 10 శాతం పెరిగి, ఆరు నెలల ఖర్చు చేతిలో ఉంటే చేరండి. జీతం అంతగా పెరగకపోతే ఇంకోసారి బేరమాడండి. నాలుగు రౌండ్లు దాటించినవాళ్లు ఆ ఒక్క మాటకు ఆఫర్ వెనక్కి తీసుకోవడం అరుదు.