రాజీ చేశాక వేధింపులు పెరిగాయి: మిషన్ స్కూల్లో తర్వాతి అడుగు ఏమిటి?

ప్రశ్న: మా అబ్బాయి కేథలిక్ మిషన్ వాళ్ల సీబీఎస్ఈ స్కూల్లో 9వ తరగతి. కాస్త నత్తి ఉంది. ముగ్గురు పిల్లలు వాడి మాటను వెక్కిరిస్తూ వీడియో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ప్రిన్సిపాల్ సిస్టర్ అందర్నీ పిలిచి సారీ చెప్పించి, చేతులు కలిపించారు. ఆ తర్వాత ఇంకా ఎక్కువైంది. ఫిర్యాదు చేస్తే టీసీలో ఏమైనా రాస్తారా? స్కూలు మార్చేయాలా? పదో తరగతి తర్వాత మాట్లాడే పనే లేని గ్రూపు కావాలంటున్నాడు.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: స్కూలు మార్చే ముందు ఒక పని మిగిలి ఉందమ్మా. ఇప్పటిదాకా నోటితో చెప్పినదంతా కాగితం మీద పెట్టాలి.

సిస్టర్ మంచి ఉద్దేశంతోనే చేశారు. క్షమించడం, కలిసిపోవడం ఆ స్కూళ్లలో రోజూ ప్రార్థనలో చెప్పే మాటలు. కానీ రాజీ పనికొచ్చేది ఇద్దరి బలం సమానంగా ఉన్న తగాదాలో. ఇక్కడ ముగ్గురు చేరి ఒకణ్ని ఏడిపిస్తున్నారు. అందర్నీ ఒకే గదిలో నిలబెట్టడంతో ఎవరు చెప్పారో వాళ్లకు తెలిసింది, శిక్ష లేదనీ తెలిసింది. ఇకమీదట ఎవరితోనైనా విడివిడిగానే మాట్లాడమని అడగండి. క్షమించాలా వద్దా అన్నది మీ అబ్బాయి ఇష్టం. వాడికి రక్షణ కల్పించడం మాత్రం స్కూలు బాధ్యత, అది వాడు క్షమించేదాకా ఆగకూడదు.

లేఖ ఒక్క పేజీ చాలు. తేదీ, పీరియడ్, చోటు, ఎవరు ఏం చేశారు, చూసినవాళ్లు ఎవరు అన్నవే రాయండి. 'చాలా బాధపెడుతున్నారు' అని రాస్తే ఎవరూ విచారించలేరు. వీడియో, స్క్రీన్‌షాట్లు గ్రూపు పేరు, ఫోన్ నంబరు, సమయం కనపడేలా దాచుకోండి, ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి. ఏం కావాలో కూడా అందులోనే అడగండి: సీటు మార్పు, ఇంటర్వెల్‌లోనూ స్కూలు బస్సులోనూ పర్యవేక్షణ, వీడియో తొలగింపు, బాధ్యత తీసుకునే ఒక టీచర్ పేరు, రెండు వారాలకు సమీక్ష. ఆ పిల్లల తల్లిదండ్రులకు మీరు నేరుగా ఫోన్ చేయకండి. అలా చేస్తే అది రెండు కుటుంబాల గొడవగా మారి, స్కూలు పక్కకు తప్పుకుంటుంది.

లేఖ ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో స్కూలు ముద్ర వేయించుకోండి. జవాబు రాకపోతే కరస్పాండెంట్‌కు పంపండి. ఆపైన ఎవరన్నది స్కూలు ఎవరిదో చూసి తేల్చుకోవాలి. సిస్టర్ల, బ్రదర్ల సభ నడిపేదైతే ఆ సభ ప్రొవిన్షియల్‌కు (ప్రాంతీయ అధిపతికి), మేత్రాసనానిదైతే, అంటే బిషప్ పరిధిలోని చర్చి పాలనా ప్రాంతానిదైతే, బిషప్ కార్యాలయంలో విద్యావ్యవహారాలు చూసేవారికి రాయాలి. తప్పు చిరునామాకు వెళ్లిన లేఖ అక్కడే ఆగిపోతుంది.

పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించే విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్‌ను చాలామంది ఉటంకిస్తారు. మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని సుప్రీంకోర్టు 2014లో ప్రమతి కేసులో చెప్పింది, కేథలిక్ స్కూళ్లు ఆ కోవలోవే. కాబట్టి దాన్ని పట్టుకోకండి. సీబీఎస్ఈ 2015 మార్చిలో ఇచ్చిన సర్క్యులర్ మీకు పనికొస్తుంది. వైస్ ప్రిన్సిపాల్, సీనియర్ టీచర్, డాక్టర్, కౌన్సెలర్, తల్లిదండ్రుల ప్రతినిధి వంటివారితో వేధింపుల నిరోధక కమిటీ వేయమని అది చెబుతోంది. ఫిర్యాదును ఆ కమిటీ ముందు పెట్టమని రాతపూర్వకంగా అడగండి.

వీడియో ఇంకా తిరుగుతుంటే cybercrime.gov.in లో ఫిర్యాదు చేయండి, పిల్లాడికి అపాయమనిపిస్తే చైల్డ్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. లైంగిక ఉద్దేశంతో బట్టలు లాగడం, ముట్టుకోవడం జరిగితే అది పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) పరిధిలోకి వస్తుంది. మగపిల్లలకూ ఆ చట్టం వర్తిస్తుంది. తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి, స్కూల్లోనే సర్దుబాటు చేయడానికి వీల్లేదు.

టీసీ భయం వదిలేయండి. పిల్లాడి ప్రవర్తన గురించి రాసే చోట తల్లిదండ్రుల ఫిర్యాదుకు స్థానం లేదు. స్కూలు మార్పు విషయంలో మాత్రం తొందరపడకండి. సీబీఎస్ఈలో 9వ తరగతిలోనే బోర్డు రిజిస్ట్రేషన్ అయిపోతుంది. నేరుగా 10లో వేరే స్కూల్లో చేరాలంటే బోర్డు అనుమతి, తగిన కారణం, కాగితాలు కావాలి. మారక తప్పకపోతే ఈ ఫిర్యాదుల ఫైలు మీ చేతిలో ఉండాలి. వాడు స్కూలుకు వెళ్లనంటున్నా, అన్నం, నిద్ర తగ్గినా ఇవన్నీ చూడకండి, ముందు బిడ్డను బయటికి తీసుకురండి.

పదో తరగతి తర్వాతి గ్రూపు సంగతి నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఎంపీసీ తీసుకున్నా వైవా, ఇంటర్వ్యూ తప్పవు. లెక్కలంటే ఇష్టమై ఎంపీసీ తీసుకోవడం వేరు, ముగ్గురు పిల్లల నవ్వుకు భయపడి తీసుకోవడం వేరు. స్పీచ్ థెరపిస్ట్‌కు ఇప్పుడే చూపించండి. సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో మాట, వినికిడి సమస్యలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, దగ్గర్లో ప్రైవేటు థెరపిస్టులున్నా సరే. గ్రూపు నిర్ణయం 10వ తరగతి పరీక్షలయ్యేదాకా వాయిదా వేయండి. ఈలోగా వాడికి ఏ సబ్జెక్టులో మార్కులొస్తున్నాయో కాదు, ఏది చదువుతుంటే టైము తెలియడం లేదో గమనించి రాసుకోండి.