సుడో పెట్టి నడిపినా డీఆర్7 లోకి ఎందుకు రాయనివ్వదు?

మీరు అడిగింది ఇదీ: సీ ప్రోగ్రామ్‌లో ఇన్‌లైన్ అసెంబ్లీ పెట్టి డీఆర్7 (ప్రాసెసర్‌లో బ్రేక్‌పాయింట్లను ఆన్, ఆఫ్ చేసే డీబగ్ రిజిస్టర్) లోకి రాయబోతే సెగ్మెంటేషన్ ఫాల్ట్ వస్తోంది, సుడోతో, అంటే రూట్ (అడ్మిన్) హక్కులతో నడిపినా అంతే, మరి జీడీబీ డీబగ్గర్ మామూలు యూజర్‌గానే వాచ్‌పాయింట్ (ఒక మెమరీ చోటు మారగానే ప్రోగ్రామ్‌ని ఆపే కాపలా) ఎలా పెట్టేస్తోంది అని.

రూట్ వేరు, రింగ్ 0 వేరు. రింగ్ 0 అంటే ప్రాసెసర్ కెర్నల్‌కి ఇచ్చే పై అధికార స్థాయి, మామూలు ప్రోగ్రామ్‌లది రింగ్ 3. రూట్ అనేది లైనక్స్ రాసుకునే లెక్క, ప్రాసెసర్‌కి ఆ సంగతే తెలీదు. డీబగ్ రిజిస్టర్లను ముట్టుకునే మూవ్ ఇన్‌స్ట్రక్షన్ రింగ్ 0లో మాత్రమే నడుస్తుంది, 1985లో వచ్చిన 386 నుంచీ ఇదే పద్ధతి. మీ ప్రోగ్రామ్ ఎవరి పేరున నడిచినా రింగ్ 3లోనే ఉంటుంది కాబట్టి ప్రాసెసర్ జనరల్ ప్రొటెక్షన్ ఫాల్ట్ లేపుతుంది, కెర్నల్ దాన్ని మీకు సిగ్‌సెగ్వ్ సిగ్నల్‌గా, అంటే మీరు చూసిన సెగ్మెంటేషన్ ఫాల్ట్‌గా అంటగడుతుంది.

జీడీబీ కూడా ఆ రిజిస్టర్లను నేరుగా ముట్టుకోదు. పీట్రేస్ అనే సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్ కెర్నల్‌ని పని అడిగే దారి) ద్వారా అర్జీ పెడుతుంది, కెర్నల్ పరిశీలించి తనే రాస్తుంది. అడ్రస్ యూజర్ మెమరీలోనే ఉందా, పొడవు 1, 2, 4, 8 బైట్లలో ఒకటేనా, అడ్రస్ దానికి తగ్గట్టు అలైన్ అయిందా (ఆ పొడవుతో భాగిస్తే శేషం రాదా) అని చూస్తుంది. కెర్నల్ అడ్రస్ ఇస్తే తిప్పి కొడుతుంది. ఉబుంటులో యామా అనే భద్రతా మాడ్యూల్ కూడా అడ్డం ఉంటుంది, మీరు పుట్టించని ప్రాసెస్‌కి తగులుకోవాలంటే సుడో కావాల్సింది అక్కడ.

ఇంత చాదస్తం అవసరమా అంటే, అవసరమే. 2018లో బయటపడిన సీవీఈ-2018-8897 అనే భద్రతా లోపం చూడండి. స్టాక్ సెగ్మెంట్ మార్చే ఇన్‌స్ట్రక్షన్ చదివే మెమరీ మీద పెట్టిన బ్రేక్‌పాయింట్ తగిలితే, ఆ డీబగ్ ఎక్సెప్షన్ తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ అయ్యేదాకా ఆగుతుంది. ఆ తర్వాతిది సిస్టమ్ కాల్ అయిందనుకోండి, ఎక్సెప్షన్ కెర్నల్ గుమ్మంలో అడుగు పెట్టగానే పేలుతుంది, అప్పటికి కెర్నల్ ఇంకా తన సరంజామా సర్దుకోలేదు. యూజర్ అడ్రస్ మీద పెట్టిన బ్రేక్‌పాయింటే ఇంత పని చేసింది. లైనక్స్, విండోస్, మ్యాక్ అన్నీ ప్యాచ్ వేసుకున్నాయి.

ఇక వాడకం సంగతి. మేం అనంతపురంలో చీనీ తోటల డ్రిప్ వాల్వులు నడిపే ప్రోగ్రామ్ చూసుకుంటాం, ఎవరో ఎప్పుడో రాసిన కోడ్. ఒక తోటకి 6 ఉండాల్సిన వాల్వుల సంఖ్య ఉన్నట్టుండి 12562656 అయ్యేది. ప్రింట్‌లు పెట్టి వెతికితే ఏమీ దొరకలేదు, ఆ వేరియబుల్ మీద వాచ్ పెట్టగానే స్ట్రింగ్ కాపీ దగ్గర ఆగింది, పాత విలువ 6, కొత్త విలువ ఆ దరిద్రపు అంకె. ఊరి పేరుకి ఇచ్చింది 24 బైట్లు. 'తాడిపత్రి' యూటీఎఫ్-8లో 9 కోడ్ పాయింట్లు (అక్షరాలు, గుణింతపు గుర్తులు విడివిడిగా), ఒక్కోటి 3 బైట్లు, చివరి సున్నాతో 28. మిగిలిన 4 బైట్లు సరిగ్గా పక్కనున్న వాల్వుల సంఖ్య మీద పడ్డాయి! పేరు ఇంగ్లిష్‌లో కొట్టినన్నాళ్లూ బయటపడలేదు, తెలుగులో పెట్టాక పడింది.

అడ్రస్‌లకి ఉన్నవి డీఆర్0 నుంచి డీఆర్3 దాకా నాలుగే, అవి నిండితే హార్డ్‌వేర్ వాచ్‌పాయింట్‌కి చోటుండదు. సాఫ్ట్‌వేర్ వాచ్ పెట్టుకోవచ్చు గానీ, అది ఒక్కో ఇన్‌స్ట్రక్షన్‌నీ ఆపి చూస్తుంది కాబట్టి వందల రెట్లు నెమ్మది, టీ తాగి రావచ్చు.

కెర్నల్ మాడ్యూల్ రాస్తే రింగ్ 0 దొరుకుతుంది కదా అనే ఆలోచన ఉంటే, అక్కడ కూడా నేరుగా రాయకండి. థ్రెడ్ మారినప్పుడల్లా కెర్నల్ ఆ రిజిస్టర్లను తనే మారుస్తుంటుంది, మీరు రాసింది చెరిగిపోవచ్చు, లేదా ఇంకొకరిది మీరు చెరిపేస్తారు. కెర్నల్ సోర్స్‌లో శాంపిల్స్ ఫోల్డర్ కింద హార్డ్‌వేర్ బ్రేక్‌పాయింట్ ఉదాహరణ ఉంది, అదే పట్టుకోండి. మీ ప్రోగ్రామ్ తన వేరియబుల్‌ని తనే కాపలా కాయాలంటే మాడ్యూల్ కూడా అక్కర్లేదు, పెర్ఫ్ ఈవెంట్ ఓపెన్ సిస్టమ్ కాల్‌లో బ్రేక్‌పాయింట్ రకం ఎంచుకుని, కెర్నల్‌ని మినహాయించే బిట్ పెట్టి అడ్రస్ ఇవ్వండి.