మందారాన్ని కోసి చూశావా?

అమ్మాయీ,

పువ్వు మీద నువ్వు రాసింది చదివాను. ‘ప్రతి పువ్వులోనూ ఆడ, మగ భాగాలు కొలువై ఉంటాయి’ అన్నావు. అక్కడే దొరికిపోయావు.

నేనూ ఒకప్పుడు అలాగే దొరికిపోయాను. భీమిలి వైపు ఓ గుమ్మడి పాదు కింద పూలు బొలబొలా రాలి ఉంటే, తెగులు పట్టిందని పత్రికకు రాసేశాను. అచ్చయింది కూడా. పాదు పెట్టిన అవ్వకు చదివి వినిపిస్తే ఒకటే నవ్వు. ‘అయ్యి మగపూలు బాబూ, రాలకేటి చేస్తాయి?’ అంది. ఆకు తప్పించి ఒక ఆడపువ్వు చూపించింది. రేకుల కింద ఉసిరికాయంత పిందె. అదే అండాశయం. మగపువ్వుకు సన్నటి కాడే ఉంటుంది. పుప్పొడి ఇచ్చేశాక దానికిక పని లేదు.

అందుకే ముందు ఒక బ్లేడు కొనుక్కో. పెరట్లో ఎర్ర మందారం కోసి, రేకులు తీసెయ్. మధ్యలో పొడవాటి గొట్టం మిగులుతుంది. దాని చుట్టూ పసుపు గింజల్లా ఉన్నవి పరాగకోశాలు, అంటే పుప్పొడి సంచులు, మగ భాగం. వేలితో తాకితే పుప్పొడి అంటుకుంటుంది. గొట్టాన్ని నిలువునా చీలిస్తే లోపల తెల్లటి దారం కనిపిస్తుంది. అదే కీలం. మగ గొట్టంలోంచి ఆడ దారం పైకి వచ్చి, చివర ఐదు ఎర్రటి మెత్తని బొట్లుగా విడిపోతుంది. అవి కీలాగ్రాలు. అడుగున అండాశయాన్ని అడ్డంగా కోస్తే ఐదు గదులు. అంత ఏర్పాటూ ఉండి మన పెరటి మందారం కాయ కాయడం అరుదు. కొమ్మ గుచ్చితేనే మొక్క. (ఇది రాస్తే పాఠకుడు తప్పకుండా ఆగుతాడు.)

‘సృష్టి రహస్యం’ అని మూడుచోట్ల రాశావు. మూడూ కొట్టెయ్. సిగ్గుపడి చాటుమాటలు వాడావని తెలిసిపోతోంది. పుప్పొడి రేణువు కీలాగ్రం మీద మొలకెత్తి, సన్నటి గొట్టంగా అండం దాకా దిగుతుందని రాస్తే చాలు.

తాడిలో, మొగలిలో చెట్టుకు చెట్టే ఆడో మగో. మనం మురిసిపోయే మొగలి వాసనంతా పోతుచెట్టు పూలపొత్తుదే.

సింహాచలం సంపెంగను మాత్రం నీకే వదిలేస్తున్నాను. సీజన్లో కొండకెళ్లినప్పుడు ఒకటి తెచ్చుకుని, రేకులు ఒలిచి, మధ్యలో ఏం కనిపించిందో నీ మాటల్లో రాసి పంపు. బ్లేడుతో జాగ్రత్త.