కొన్న బంగారం సరే, అది ఎక్కడుందో ఎవరికి తెలుసు?

ప్రశ్న: మాది తాడేపల్లిగూడెం. మా వారు రైసు మిల్లులో గుమాస్తా, నేను ఇంట్లో కుట్టుపని చేస్తాను. 40 నెలల 6 లక్షల చీటీ 29వ నెలలో పాడుకున్నాం, చేతికి 5.5 లక్షలు వచ్చాయి. పెద్దమ్మాయికి పెళ్లయింది. చిన్నమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. డబ్బంతా పెట్టి బంగారం, వెండి కడ్డీలు కొని ఇంట్లోనే దాచుకుందామనుకుంటున్నాను. లాకరు కావాలంటే చాలా రోజులు ఆగాలన్నారు బ్యాంకువాళ్లు. వెండి ఇంకా పెరుగుతుందని వాట్సాప్‌లో రోజూ మెసేజీలు. అర కిలో దాటితే ఇన్‌కంటాక్స్ వాళ్లు పట్టుకుపోతారని మా మరిది అంటున్నాడు. ఎక్కడ దాచావో మీ ఆయనకి కూడా చెప్పకే అని మా అమ్మ. నన్నేం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు చీటీ సంగతి చూద్దాం. 29వ నెలలో ఎత్తారంటే ఇంకా 11 నెలలు కట్టాలి. నెలకు 15 వేల చొప్పున 1.65 లక్షలు. డివిడెండు (పాటలో మిగిలి సభ్యులకు పంచేది) పోను కొంత తగ్గుతుందేమో గానీ, ఆ మేరకు మీ చేతిలో ఉన్నది అప్పే. జీతంలోంచి కడతామంటారు, సరే. మిల్లులో రెండు నెలలు జీతం ఆగితే? చీటీ వాయిదా కట్టడానికి బంగారం అమ్ముకున్న ఇళ్లు చాలా చూశాను. అలా అమ్మేది ఎప్పుడూ అవసరంలోనే, అవసరంలో మంచి ధర రాదు. అందుకని 1.65 లక్షలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి పక్కన పెట్టండి. 11 నెలలూ జీతంతోనే గడిచిపోతే ఆ డబ్బే ఇంటి ఆపద్ధనం. చిన్నమ్మాయి పెళ్లికి ఇంకా ఏడెనిమిదేళ్లుంది, కాలేజీ ఫీజు మాత్రం ఇంటర్ అవగానే వస్తుంది. దానికి 1.35 లక్షలు తీయండి. మిగిలేది 2.5 లక్షలు. అందులో 2 లక్షలకు బంగారం, 50 వేలకు వెండి. ఇక మాట్లాడుకునేదంతా ఈ రెండున్నర లక్షల గురించే.

బంగారం మూడు నాలుగు విడతలుగా, రెండు మూడు నెలల ఎడంతో కొనండి. ధర ఎప్పుడు పడుతుందో ఎప్పుడు లేస్తుందో నాకూ తెలియదు, మీకు మెసేజీలు పంపేవాళ్లకూ తెలియదు. ఏ రూపంలో కొనాలన్నది మాత్రం లెక్కలో తేలిపోతుంది. నూరు రూపాయల బంగారం నగగా కొన్నారనుకోండి. తరుగు, మజూరి కలిపి 12 రూపాయలు వేశారనుకుంటే 112. దాని మీద 3% జీఎస్టీ, అంటే 3.36. మొత్తం 115.36 కట్టి ఇంటికొస్తారు. మర్నాడే అమ్మడానికి వెళ్తే కరిగింపు తగ్గుదల కింద కొంత కోసి 97 చేతిలో పెడతారు. తరుగు పోయింది, మజూరి పోయింది, జీఎస్టీ ఎటూ తిరిగి రాదు. అదే బిళ్ళ (నాణెం) అయితే మజూరి 3 రూపాయలనుకుందాం, జీఎస్టీతో 106 పైచిలుకు. అమ్మితే 97, 98. నగలో 18 రూపాయలు పోయేచోట బిళ్ళలో 8 పోతాయి. కొట్టును బట్టి అంకెలు మారతాయి, తేడా మాత్రం ఉండి తీరుతుంది. మెడలో వేసుకునే సంతోషానికి ఆ 18 రూపాయలు ఇస్తామంటే నాకేం అభ్యంతరం లేదు. బీరువాలో దాచడానికి ఇవ్వకండి. చిన్నమ్మాయి పెళ్లి నగలైతే అసలే వద్దు. ఏడెనిమిదేళ్లకు ఆ పిల్ల "ఈ మోడలా?" అని మొహం తిప్పుకుంటుంది, మళ్లీ చెరిపించాలి, మళ్లీ తరుగు.

కడ్డీ కూడా వద్దంటాను. కారణం తాకట్టు. మన ఇళ్లలో బంగారం అమ్మడం కంటే కుదువ పెట్టడమే ఎక్కువ కదా. బంగారు కడ్డీల మీద బ్యాంకులు అప్పివ్వవు. రిజర్వ్ బ్యాంకు 2025లో ఇచ్చిన నిబంధనల ప్రకారం నగలు, నాణేల మీదే ఇవ్వాలి. నాణేలైతే 50 గ్రాముల వరకే. 2026 ఏప్రిల్ 1 కల్లా అమలు కావలసిన ఈ నిబంధనల్లో వెండికీ చోటిచ్చారు, నగలు 10 కిలోలు, నాణేలు 500 గ్రాముల వరకు. కాబట్టి 4 గ్రాముల అర కాసు, 8 గ్రాముల కాసు బిళ్ళలు మీకు సరిపోతాయి. గ్రాము, అర గ్రాము బిళ్ళలు ముద్దుగానే ఉంటాయి గానీ గ్రాముకు పడే మజూరి ఎక్కువ. ఇంకో మాట. బ్యాంకులో కొంటే నమ్మకం అని చాలామంది అక్కడే కొంటారు. బ్యాంకు అమ్ముతుంది, తిరిగి కొనదు. అమ్మాలంటే మళ్లీ బంగారం కొట్టుకే వెళ్లాలి.

బిళ్ళ వచ్చిన ప్లాస్టిక్ ప్యాకు విప్పకండి. పుట్టినరోజుకు పిల్లలకు చూపించాలని విప్పి, అమ్మేటప్పుడు అనుమానంగా తిప్పి తిప్పి చూస్తున్నారని బాధపడినవాళ్లున్నారు. కొట్టువాడి అనుమానంలో తప్పు లేదు. టంగ్‌స్టన్ అనే లోహం సాంద్రత దాదాపు బంగారంతో సమానం. లోపల అది పెట్టి పైన బంగారం తొడిగితే తూకంలో దొరకదు. క్యారెట్ మెషీన్ చూసేది పైపొరనే.

నగ ఏదైనా కొంటే బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కె916 లాంటి స్వచ్ఛత అంకె, హెచ్‌యూఐడీ (ఒక్కో నగకు విడిగా ఇచ్చే, అక్షరాలూ అంకెలూ కలిసిన ఆరు గుర్తుల నంబరు), మూడూ ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని నగ అమ్మకూడదు (2 గ్రాముల లోపు వాటికి మినహాయింపు ఉంది). కొట్టులో కూర్చునే బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ నంబరు కొట్టండి. స్వచ్ఛతతో పాటు అది ఏ వస్తువో కూడా చూపిస్తుంది. మీ చేతిలో గొలుసు ఉండి యాప్‌లో ఉంగరం అని వస్తే లేచి వచ్చేయండి, టీ ఇచ్చారని మొహమాటపడకండి.

ఇక వెండి. రోజూ మెసేజీలు పంపేవాళ్లు 1980 గురించి చెప్పరు. అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగేసిన రోజులవి. ఆ జనవరిలో ఔన్సు 50 డాలర్ల దగ్గరికి వెళ్లింది, మార్చి 27 నాటికి 11 డాలర్లకు పడింది. 2011 ఏప్రిల్‌లో మళ్లీ 50 దాకా వెళ్లి, 2015 చివర 14 డాలర్ల లోపుకు దిగింది. ఆ పాత గరిష్ఠాన్ని గట్టిగా దాటింది 2025 అక్టోబరులో. మధ్యలో 45 ఏళ్లు! డాలరుతో రూపాయి పడిపోతూ వచ్చింది కాబట్టి మనకు అంత దెబ్బ కనబడలేదు గానీ, వెండి గుణం అది. లేస్తే గుర్రం, పడితే బండరాయి. 50 వేలకు మించొద్దని నేననేది అందుకే.

అది కూడా కడ్డీ లేదా నాణెంగా (తాకట్టు అవసరం పడుతుందనుకుంటే నాణెమే), 999 స్వచ్ఛతతో. చెంబులు, పట్టీలు పెట్టుబడి కాదు. పట్టీల్లో గజ్జె గజ్జెకూ టంకం ఉంటుంది, కరిగిస్తే దాని లెక్క బయటపడుతుంది. వెండికి హాల్‌మార్క్ ఇప్పటికీ తప్పనిసరి కాదు. అయితే 2025 సెప్టెంబరు నుంచి వెండి హాల్‌మార్క్‌కూ హెచ్‌యూఐడీ వచ్చింది. అది ఉన్న వస్తువే కావాలని అడగండి.

కిలో వెండి కడ్డీ పరిమాణం సుమారు మీ చేతిలో సెల్‌ఫోన్ అంత. మీ 2 లక్షల బంగారమైతే అగ్గిపెట్టెలో వేస్తే గలగలలాడుతుంది. చోటు సమస్య కాదు, నలుపు సమస్య. వెండి నల్లబడేది గంధకం వల్ల. అది రబ్బరు బ్యాండులో ఉంటుంది, ఉన్నిలో ఉంటుంది, కోడిగుడ్డులో ఉంటుంది. న్యూస్‌పేపరులో చుట్టి రబ్బరు బ్యాండు వేసి దాచే అలవాటు మానేసి, పొడి నూలుగుడ్డలో చుట్టి జిప్ కవర్లో పెట్టండి. చింతపండుతో తోమకండి. మా అమ్మ దగ్గర పెళ్లినాటి వెండి చెంబు ఒకటుంది. దాని మీద మా తాతగారు అమ్మ పేరు కొట్టించారు. ఏటా వరలక్ష్మీ వ్రతానికి చింతపండు, ముగ్గుపిండి పెట్టి తళతళలాడేలా తోమేది. ఇప్పుడు పేరులో మొదటి అక్షరం, చివరి సున్నా తప్ప ఏమీ కనబడవు. ఆ అక్షరాలంత వెండి యాభై ఏళ్లలో తూములోకి పోయినట్టే. తోమక తప్పదనుకుంటే గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, వేడినీళ్లు, వంటసోడా వేసి వెండిని రేకుకు తగిలేలా ముంచండి. నలుపు తిరిగి వెండిగా మారుతుంది, అరగదు.

మీ మరిది చెప్పింది సగం నిజం. పెళ్లయిన స్త్రీకి 500 గ్రాములు, పెళ్లికాని స్త్రీకి 250, మగవారికి 100 అన్న లెక్క 1994లో ఆదాయపన్ను బోర్డు సోదాలకు వెళ్లే అధికారులకు ఇచ్చిన ఆదేశం. మీ ఆదాయంతో పొంతన కుదరకపోయినా అంతవరకు నగలు స్వాధీనం చేసుకోవద్దని దాని అర్థం. ఇంతకు మించి ఉంచుకోకూడదని కాదు. ఎలా వచ్చిందో చూపగలిగితే ఎంతైనా ఉంచుకోవచ్చు. అర కిలో అంటే 62 కాసులు, ఆ భయం మనదాకా వస్తే అప్పుడు పడదాం. అయితే ఆ వెసులుబాటు నగలకే, బిళ్ళలకు వర్తించదు. బిళ్ళకు బిల్లే రక్ష. చీటీ రిజిస్టరయినదై, డబ్బు చెక్కుగా వచ్చి, మీరు యూపీఐతోనో కార్డుతోనో కొంటే డబ్బు ఎక్కడిదో ఎవరూ అడగక్కర్లేదు, బ్యాంకు పుస్తకమే చెబుతుంది. 2 లక్షలూ ఆ పైన నగదు తీసుకోవడానికి కొట్టువాడికి చట్టం ఒప్పుకోదు, 2 లక్షలు దాటిన కొనుగోలుకు పాన్ ఇవ్వాలి. "బిల్లు లేకుండా అయితే జీఎస్టీ మిగులుతుందమ్మా" అంటారు కొందరు. ఆ 3% మిగుల్చుకుంటే రేపు దొంగతనం కేసు పెట్టాలన్నా, బీమా అడగాలన్నా, అమ్మినప్పుడు లాభం లెక్క కట్టాలన్నా చేతిలో కాగితం ఉండదు. 24 నెలలు దాటాక అమ్మితే లాభం మీద పన్ను 12.5%, ఆ లోపు అమ్మితే మీ మామూలు శ్లాబు. కొన్న ధర చూపలేకపోతే లాభం ఎంతని చెబుతారు?

ఇంట్లో ఎక్కడ? బీరువా లోపలి లాకరు, బీరువా మీద తాళంచెవి, బియ్యం డబ్బా, పూజగది, పరుపు కింద. దొంగకు ఇవన్నీ మనకంటే బాగా తెలుసు. చిన్న ఇనప్పెట్టె కొని గోడకో నేలకో లోపల నుంచి బోల్టులు వేయించండి. బోల్టులు లేని పెట్టెను దొంగ పెట్టెతో సహా ఎత్తుకెళ్తాడు, మనమే మూటగట్టి ఇచ్చినట్టు. నంబరు లాకరైతే దానితో వచ్చే అత్యవసర తాళంచెవి అదే గదిలో పెట్టకండి. మూడు రోజులు పెళ్లికి వెళ్తున్నా ఏపీ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (తాళం వేసిన ఇళ్లపై నిఘా) యాప్‌లో నమోదు చేసుకుంటే వాళ్లొచ్చి ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు. డబ్బేమీ తీసుకోరు. పెళ్లి ఫొటోలు ఇంటికొచ్చాక స్టేటస్ పెట్టుకోవచ్చు.

లాకరు వరుసలో పేరు మాత్రం రాయించండి. పెద్దమ్మాయి నగలు కూడా మీ దగ్గరే ఉంటే అవి ముందు అక్కడికి చేరాలి. లాకరంటే పూర్తి భరోసా అనీ అనుకోకండి. దొంగతనం, అగ్నిప్రమాదం, ఉద్యోగుల మోసం లాంటివి జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు వంద రెట్ల వరకే. 2 వేల అద్దెకు 2 లక్షలు. వరద లాంటి ప్రకృతి వైపరీత్యానికి అదీ లేదు. ఇంటి బీమా తీసుకునేటప్పుడు "దొంగతనం ఉందా, నగలు ఉన్నాయా" అని రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి. మామూలు పాలసీ అగ్నిప్రమాదం, వరదల కోసం. ఈ రెండూ చాలాసార్లు అదనంగా కొనుక్కోవాలి.

ఇప్పుడు మీ అమ్మగారి మాట. నాకు తెలిసిన ఒక కుటుంబంలో పెద్దాయన గుండెపోటుతో పోయారు. బంగారం ఉందని ఆయన భార్యకు తెలుసు, ఎక్కడో తెలియదు. అటకలు దించారు, పరుపులు విప్పారు, దూలాల సందులు తడిమారు. లేదు. అద్దె ఇంటికి మారుతూ చోటు చాలక పాత టేకు భోషాణాన్ని బండి మీద పాత సామాన్లు కొనేవాడికి అమ్మేశారు. సంవత్సరీకం నాడు ఆయన లెక్కల పుస్తకం తిరగేస్తుంటే చివరి పేజీలో పెన్సిలుతో ఒక ముక్క: "బిళ్ళలు 15, భోషాణం దొంగ అర." కొన్నవాడిని ఎక్కడని వెతుకుతారు? దొంగతనం కాదు గనక పోలీసులు లేరు, బీమా లేదు.

మీ అమ్మగారు ఆ మాట ఊరికే అని ఉండరు. ఏదో చూసే అని ఉంటారు. కష్టం వచ్చినప్పుడు ఆడవాళ్ల బంగారమే ముందు తాకట్టుకు వెళ్తుందని నాకూ తెలుసు. అందుకని మీ వారికే చెప్పమని పట్టుబట్టను. పెద్దమ్మాయికి చెప్పండి. రెండు కాగితాలు రాయండి. ఒక దాంట్లో ఏమేం ఉన్నాయి, బరువు, హెచ్‌యూఐడీ నంబర్లు, కొన్న తేదీ. బిల్లుల ఫొటోలు దానితో పాటు అమ్మాయి ఫోనుకు పంపండి. ఇల్లు అంటుకుంటే బంగారం దొరకొచ్చు, బిల్లు మిగలదు. రెండో కాగితంలో ఎక్కడుందో ఒక్క వాక్యం. దాన్ని కవర్లో పెట్టి, అంటించి, పైన ఏమీ రాయకుండా అమ్మాయి అత్తారింట్లో ఆమె సర్టిఫికెట్ల ఫైలులో పెట్టించండి. చోటు మార్చిన రోజున కవరు కూడా మార్చాలి. వచ్చే పండక్కి అమ్మాయి ఎలాగూ వస్తుంది కదా, అప్పుడే చేతికివ్వండి.